గాలి పరీక్ష: చేస్తున్నారు

నాయన చనిపోయిన పన్నెండో రోజు నేను ఫ్యాక్టరీకి వెళ్లాను. కర్మ ముందు రోజే ముగిసింది. మేనేజరు నాకు కుర్చీ చూపించి, ఫ్యాను వేయించి, టీ తెప్పించాడు. ఎనిమిదేళ్లలో ఆయన నాకు టీ తెప్పించడం అదే మొదటిసారి. నేను తాగుతుండగా ఒక కాగితం నా ముందుకు జరిపాడు. అది మా రిస్క్ షీటు. ఏటా నేను రాసే కాగితం. ఈసారి ఎవరో రాసిపెట్టారు, నా సంతకం ఒక్కటే మిగిలింది. దాని మీద వేసిన తేదీ ఏప్రిల్ నెలది. నాయన పోయింది మే నెలలో.

మాది చిత్తూరు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. జూన్ వస్తే తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడతాయి. రెండున్నర నెలలు పగలూ రాత్రీ నడుస్తుంది, తర్వాత సద్దుమణుగుతుంది. తిరుపతిలో కెమిస్ట్రీ డిగ్రీ చదివి నేను అక్కడ ల్యాబులో చేరాను. గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత అని చూడటం నా పని. కొన్నేళ్ల తర్వాత, రాత బాగుంటుందనీ మాట్లాడటం తక్కువనీ భద్రత పని కూడా నాకే అప్పగించారు.

రిస్క్ షీటు అంటే పెద్ద విద్య ఏమీ కాదు. ఫ్యాక్టరీలో జరిగే ప్రతి పనికీ ఒక వరుస ఉంటుంది. ఆ పనిలో ఏ ప్రమాదం జరగవచ్చో రాయాలి. జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె, జరిగితే కలిగే నష్టానికి ఇంకో అంకె వేయాలి. రెండింటినీ గుణించాలి. పదిహేను, అంతకు మించి వస్తే ఆ గడి ఎర్రగా ఉండాలి. ఆరు లోపల వస్తే ఆకుపచ్చ. చివరి గడిలో తీసుకుంటున్న జాగ్రత్త రాయాలి.

ఇది పనికిమాలిన పని అని నేను ఈరోజు కూడా అనను. మొదటి ఏడాది ఒక నోటుపుస్తకం పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగాను. కాయలు కోసే ఆడవాళ్లు తొక్కల మీద జారి పడుతున్నారని రాస్తే కింద రబ్బరు చాపలు పరిచారు. ఆవిరి గొట్టానికి చుట్టిన పట్టీ ఊడిపోయి ఒకామె చెయ్యి కాలింది. అది రాస్తే కొత్తది చుట్టించారు. కాగితం మీద ఒక అంకె వేస్తే ఒక మనిషి చెయ్యి కాలకుండా ఉంటుందని నాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే మురుగు తొట్టి దగ్గరికి వెళ్లాను.

కాయలు, యంత్రాలు కడిగిన నీళ్లన్నీ ఫ్యాక్టరీ వెనక ఉన్న తొట్టిలోకి పోతాయి. అది రెండు నిలువుల లోతు. పైన సిమెంటు పలకలు, ఒక మూలన మనిషి దిగేంత కంత, ఇనుప నిచ్చెన. సీజను అయ్యాక పైనీళ్లు మోటారుతో తోడేస్తారు. తొక్కలు, పీచు అడుగున బురదై తొమ్మిది నెలలు అలాగే కుళ్లుతాయి. మళ్లీ కాయలు రాకముందు ఒక మనిషి దిగి ఆ బురద పారతో ఎత్తాలి. ఆ మనిషి మా నాయన.

నాయన బావులు తవ్వేవాడు. వడమాలపేట నుంచి చిత్తూరు దాకా ఆయన దిగని ఊరు తక్కువ. బావులు ఎండిపోయి బోరు బండ్లు వచ్చాక జట్టు చెదిరిపోయింది. ఆయనా, ఆయనతో ముప్ఫై ఏళ్లు కలిసి దిగిన ఇంకొకాయనా ఇద్దరే మిగిలారు. ఆ రెండో ఆయనను నేను చిన్నాయన అంటాను, రక్తసంబంధం ఏమీ లేదు. ఇద్దరూ మేస్త్రీ కింద ఫ్యాక్టరీకి కూలికి వచ్చేవాళ్లు. తొట్టిలోకి దిగమంటే మిగతావాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. నాయన తిప్పుకునేవాడు కాదు. లోతుకు దిగడం ఆయనకు తెలిసిన పని.

దిగే ముందు ఆయన చేసేది ఒకటుంది. ఇంటి నుంచి తెచ్చిన లాంతరు వెలిగించి తాడుతో అడుగుదాకా వదిలేవాడు. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని తాంబూలం వేసుకునేవాళ్లు. అది నమిలి ఉమ్మేసే దాకా వత్తి సన్నగిల్లకపోతే దిగేవాడు. సన్నగిల్లితే దిగేవాడు కాదు. నీళ్లు చల్లి, వేపమండలు కట్టి పైకీ కిందికీ ఆడించి, గాలి మారే దాకా కూర్చునేవాడు. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయాక ఒక సీసాలో కొంచెం దాచుకున్నాడు. ఏడాదికి ఒక్కసారి ఈ పనికే తీసేవాడు.

నాకు ఏడేళ్లప్పుడు ఒక పాత బావి దగ్గర ఆ లాంతరు ఆరిపోవడం చూశాను. పైకి లాగి, వేడి తగ్గని గాజును నా ముందు పెట్టి, "సూడు పాపా, దిగుంటే నాకూ ఇదే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన లాంతరు మాట నాకు తిరుగులేని మాట.

పాత బావిలో అది సరైన పరీక్షే. అక్కడ అడుగున పేరుకునేది బొగ్గుపులుసు గాలి. అది పెరిగితే ప్రాణవాయువు తగ్గుతుంది, దీపం మనిషికంటే ముందే ఆరుతుంది. కానీ మామిడి తొక్కలు కుళ్లిన తొట్టిలో పుట్టే గాలి వేరు. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఇంకొంచెం పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ కంపు కూడా తెలియదు. మనిషిని రెండు ఊపిరుల్లో పడేసేంత ఉన్నా దీపానికి ఏమీ కాదు. ఇది నేను డిగ్రీలో చదివాను. పరీక్షలో ఆ వాయువు గుణాలు అడిగితే ఒక పేజీ రాశాను. మార్కులు కూడా వచ్చాయి.

తొట్టి దగ్గర నిలబడినప్పుడు ఆ పేజీ నాకు గుర్తురాలేదు. మరచిపోయానని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది. నిజం అది కాదు. నాయన దింపుతున్న లాంతరును అనుమానించాలని నాకు తోచలేదు.

అయినా మొదటి ఏడాది ఆ వరుసకు అవకాశం నాలుగు, నష్టం ఐదు వేశాను. ఇరవై. ఎర్ర గడి. ఆ లోతులో, ఆ బురదలో ఏదో ఒకటి జరుగుతుందని భయం ఉండేది. గాలి కొలిచే మీటరు కొనాలని కూడా రాశాను. మీటరు కొన్నారు. నా మాట విన్నారని సంతోషించాను. అది వచ్చిన రోజే మేనేజరు గదిలో బీరువాలోకి వెళ్లింది. విదేశాల నుంచి గుజ్జు కొనేవాళ్ల తరఫున తనిఖీకి వచ్చేవాళ్లకు డబ్బాతో సహా చూపించి మళ్లీ బీరువాలో పెట్టేవాళ్లు. నాయన దిగే రోజు నేను తాళం అడిగితే, అది సున్నితమైన వస్తువనీ, బురదలో పడితే పోతుందనీ మేనేజరు అన్నాడు. ఇంకోసారి అడగవలసింది. అడగలేదు.

మరుసటి ఏడాది షీటు రాసేటప్పుడు తనిఖీ దగ్గర పడింది. ఎర్ర గడి ఒకటి మిగిలిపోయిందని మేనేజరు నన్ను పిలిచాడు. ఒక్క ఎర్ర గడి ఉంటే వాళ్లు వంద ప్రశ్నలు వేస్తారని అన్నాడు. దిగే ముందు ఆ మనిషి ఏమీ చూడడా అని అడిగాడు. చూస్తాడు, లాంతరు దింపుతాడు అన్నాను.

"ఇంగేం మా, గాలి పరీక్ష చేసినట్టే గదా. అదే రాయి."

నేను ఒక నిమిషం ఆలోచించాను. ఆలోచిస్తే సరైనదనిపించింది. నా మనసులో కొంచెం గర్వం కూడా ఉందని ఒప్పుకుంటాను. నాయన పద్ధతి ఒకటి ఫ్యాక్టరీ కాగితంలోకి ఎక్కుతోంది. చివరి గడిలో "గాలి పరీక్ష: చేస్తున్నారు (లాంతరు)" అని రాశాను. అవకాశం నాలుగును ఒకటి చేశాను. ఒకటి ఐదుల ఐదు. గడి ఆకుపచ్చ అయింది. తర్వాత రెండేళ్లు ఆ వరుసను మార్చకుండా కొత్త షీటులోకి ఎత్తి రాశాను. తొట్టి దగ్గరికి వెళ్లి చూడను కూడా లేదు.

నాయన పోయిన రోజు పొద్దున నేను ల్యాబులో సీసాలు కడుగుతున్నాను. జరిగింది చిన్నాయన చెప్పాడు. లాంతరు దింపారు, తాంబూలం వేసుకున్నారు. వత్తి కదలలేదు. నాయన వంగి చూసి బాగుందని చెప్పి, చొక్కా విప్పి నిచ్చెన పక్క మేకుకు తగిలించి, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. అడుగున పారతో రెండుసార్లు బురద ఎత్తాడు. బురద కదిలిస్తే అందులో దాగిన గాలి అంతా ఒక్కసారి పైకి వస్తుందని ఈరోజు నేను ఎవరికైనా చెప్పగలను. మూడోసారి పార లేవలేదు. ఆయన బురదలో కూర్చుండిపోయాడు. చిన్నాయన తాడు లాగాడు, ఒక్కడి చేత కాలేదు. పైమనిషి దిగకూడదన్నది వాళ్ల కట్టుబాటు, దాన్ని దాటకుండా కేక వేశాడు. నలుగురు పరుగెత్తుకొచ్చి లాగారు. ఆ కట్టుబాటు లేకపోతే ఇంకొక శవం లేచేది.

నేను వెళ్లేసరికి నాయనను పలకల మీద పడుకోబెట్టారు. ఎవరో ఆయన ఛాతీ మీద ఒత్తుతున్నారు. లాంతరు ఇంకా లోపలే ఉంది. ఎవరో దాని తాడు కూడా లాగి నా కాళ్ల దగ్గర పెట్టారు. అది వెలుగుతూనే ఉంది. పట్టపగలు ఎండలో. కిరసనాయిలు వృథా అయితే ఆయన తిడతాడని నేను వంగి వత్తి తగ్గించాను.

సాయంత్రానికి రకరకాల మాటలు వినిపించాయి. యంత్రాలకు పూజ చేయకముందే, గుమ్మడికాయ కొట్టకముందే దిగాడని కొందరు. గుండె జబ్బని కొందరు. తాగి దిగాడని ఒకడు అన్నాడు, మా నాయన తాగడని వాడికి తెలుసు. అన్నిటికంటే ఎక్కువగా తిరిగిన మాట మేనేజరు పోలీసులకు చెప్పిన మాట. ఎవరికీ చెప్పకుండా, ఏమీ చూడకుండా దిగాడు అని.

అందుకే ఆ టీ, ఆ కాగితం. కొత్త షీటులో తొట్టి వరుస ఇలా ఉంది: రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ దిగరాదు. మీటరుతో గాలి కొలిచాకే దిగాలి. లాంతరు వంటివి నిషిద్ధం. ఈ సంగతి పనివాళ్లందరికీ చెప్పడమైనది. భాష చక్కగా ఉంది. ఒక్క తప్పు లేదు. నేను మూడేళ్ల కింద రాయవలసిన వాక్యాలు అవి. నాయన పోయాక, నాయన పోకముందు తేదీతో రాశారు.

"నీ మంచికే సెప్తా ఉండాను మా," అన్నాడు మేనేజరు. "పాత షీటులో నీ సంతకం ఉండాది. లాంతరుతో పరీక్ష అని రాసింది నువ్వు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. సూస్తే ముందు పట్టుకునేది నిన్నే."

దీని మీద సంతకం పెడితే మా నాయన చెప్పిన మాట వినకుండా దిగి చచ్చిపోయినట్టు అవుతుంది కదా అన్నాను.

"పోయినాయనకు ఇంగేం మా. ఉండేవాళ్ల సంగతి సూడు."

ఆయన గొంతులో కరకుదనం లేదు. నాకు కోపం తెప్పించింది అదే. నన్ను బెదిరిస్తున్నానని కూడా ఆయన అనుకోవడం లేదు. ఒక గడికి రంగు మార్చమన్నంత తేలికగా అడుగుతున్నాడు. పోయినసారి అలా అడిగితే నేను మార్చాను కదా. మళ్లీ మారుస్తానని ఆయన అనుకోవడంలో తప్పేముంది. సోమవారం చెప్తానని లేచి వచ్చాను.

ఇంట్లో అమ్మకు షీటు గురించి చెప్పాను. అంకెలు, రంగులు ఆమెకు అక్కరలేదు. పరామర్శకు వచ్చినవాళ్ల నోట ఆమె ఒక మాట విన్నది, అది ఆమెను తినేస్తోంది.

"మీ నాయన దీపం సూడకుండా దిగినాడంట. నలుగురూ అంటాండారు. ఆయన అట్ల దిగే మనిసేనా?"

కాదు అన్నాను. కాదని ఎవరు రాస్తారు అని అడిగింది. నా దగ్గర సమాధానం ఉంది కానీ ఆమెకు చెప్పలేదు. కాదని రాసి ఉన్న కాగితం ఒకటే ఉంది. అది నా సంతకంతో ఉన్న పాత షీటు. నాయన ఏటా గాలి చూసే దిగేవాడని చెప్పేదీ అదే, ఆ చూపు చాలదని తెలియవలసిన మనిషి చాలునని రాసిందని చెప్పేదీ అదే.

ఆదివారం చిన్నాయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మేస్త్రీ పిలిచి, లాంతరు దింపలేదని చెప్పమన్నాడట. చెప్పకపోతే పని ఉండదన్నాడట. ఉన్నది చెప్పు చిన్నాయనా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దీపం ఎలగతానే ఉండె పాపా. అది సెప్తే నన్ను పిచ్చోడంటారు. దీపం ఎలగతా ఉంటే మనిసి ఎట్ల పోతాడు అంటారు. నాకే తెలీకుండా ఉండాది, వాళ్లకేం సెప్పేది?"

నేను చెప్పాను. ఆ తొట్టిలో పుట్టే గాలి ఏమిటో, దీపానికి అది ఎందుకు తెలియదో, ముక్కుకు ఎందుకు తెలియదో. ఆయన వింటూ తుండును మడతలు పెట్టాడు, విప్పాడు. అయితే ముప్ఫై ఏళ్లు మేము చేసింది తప్పా అని అడిగాడు. బావుల్లో తప్పు కాదు చిన్నాయనా, తొట్టిలో తప్పు అన్నాను. ఆయన తుండు భుజాన వేసుకున్నాడు. లేవబోతూ నా వైపు చూశాడు.

"ఇది నీకు ముందే తెలుసునా పాపా?"

"చదువుకున్నాను."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నేను నాలుగు షీట్లు తీసుకెళ్లాను. మొదటి ఏడాది ఎర్ర గడి ఉన్నది, తర్వాతి మూడూ ఆకుపచ్చవి. ఆయన తొట్టి గట్టు మీదే నిలబడి చదివాడు. మీటరు ఉందా అని అడిగితే మేనేజరు బీరువా నుంచి తెప్పించాడు. అద్దం మీద అతికించిన ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. స్విచ్ నొక్కితే వెలగలేదు. ఛార్జింగులో పెట్టి గంటసేపు అందరం, చిన్నాయన, మేస్త్రీతో సహా, వేపచెట్టు నీడలో నిలబడ్డాం. అందరికీ మజ్జిగ పోశారు. నాయన కోసం ఆ గంట ఎవరూ ఆగలేదు.

నేను లాంతరు కూడా తెచ్చాను. రెండూ పక్కపక్కనే దింపి చూపించాలని. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. ఇలాంటి తొట్టిలో మండే గాలి కూడా ఉంటుందనీ, నిప్పు దింపితే పేలవచ్చనీ చెప్పాడు. ఇన్నేళ్లూ ఆ గట్టు మీద ఇద్దరు మనుషులు నిప్పు పక్కన కూర్చుని తాంబూలం నమిలారు. నేను దాన్ని జాగ్రత్త అనే గడిలో రాశాను.

మీటరుకు తాడు కట్టి మెల్లగా వదిలారు. నిచ్చెన మూడో మెట్టు దాటకముందే అది కూయడం మొదలుపెట్టింది. పైకి తీసేదాకా ఆగలేదు. చిన్నాయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. గుమిగూడిన పనివాళ్లు కూడా ఆయన వెంట జరిగారు.

ఇన్‌స్పెక్టరు షీటు మీద వేలు పెట్టి, ఈ గాలి పరీక్ష ఎవరిది అని అడిగాడు.

"మా నాయన చేసేది సార్. నేను రాసినాను. రంగు మార్చమన్నది మేనేజరు సారు," అన్నాను.

ఈమె దుఃఖంలో ఉంది సార్ అని మేనేజరు అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆయన వైపు తిరగకుండా, ఆ రోజు లాంతరు దింపారా లేదా అని చిన్నాయనను అడిగాడు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు. చిన్నాయన ఆయన వైపు ఒకసారి చూశాడు.

"దింపినాం సార్. ఎప్పుడూ సూసేంత సేపు సూసినాం. ఎలగతానే ఉండె. మా అన్న పోయినాక కూడా ఎలగతానే ఉండె."

అప్పుడే వాంగ్మూలం రాశారు. నేను రెండుసార్లు చదివాను. పనివాడు తనకు తెలిసిన పద్ధతిలో గాలిని పరీక్షించాకే దిగాడని ఉంది. గాలి కొలిచే మీటరు ఫ్యాక్టరీలో ఉండి కూడా వాడలేదని ఉంది. ఆ పరీక్షను సరైన జాగ్రత్తగా నమోదు చేసినది నేనని, ఆమోదించినది మేనేజరని ఉంది. ఏ ఒక్క మాటా తీసేయమని నేను అడగలేదు. మొదటి వాక్యాన్ని ఇంటికెళ్లి అమ్మకు చదివి వినిపించవచ్చు. మిగతావి కూడా వినిపించాలి.

ఇన్‌స్పెక్టరు జీపు గేటు దాటకముందే మేనేజరు అటెండరును పిలిచి, మీటరును గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టమన్నాడు. నేను దాన్ని అటెండరు చేతిలోంచి తీసుకుని నిచ్చెన పక్క మేకుకు తగిలించాను.

"డబ్బాలో పెట్టు మా, దుమ్ము పడతాది."

నేను సంచిలోంచి ఖాళీ రిస్క్ షీటు ఒకటి తీసి తొట్టి పలక మీద పెట్టి, పనివాళ్లు చూస్తుండగా తొట్టి వరుస ఒక్కటే రాశాను. అవకాశం ఐదు. నష్టం ఐదు. ఇరవై ఐదు. తీసుకుంటున్న జాగ్రత్త: ఏమీ లేదు. గడికి ఎర్ర పెన్నుతో రంగు నింపాను. ఆయన నన్ను సంతకం అడిగి నాలుగు రోజులైంది. పెట్టాను. కింద ఆ రోజు తేదీ వేసి ఆయన చేతికిచ్చాను.